మూడు మంగళవారాల పెళ్ళి ప్రకటన

మార్చి 18, మంగళవారం, ఉదయం పది గంటలు. చాండ్లర్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీ, వెనక మీటింగ్ గది. హాజరైనవారు: లైబ్రేరియన్ మేగన్, స్కూలు బస్సు నడిపి రిటైరైన డోనా, చిప్ ఫ్యాక్టరీలో ఏసీ యంత్రాలు చూసి రిటైరైన వాల్టర్, పాస్టరమ్మ గారు, నేను.

ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. భూముల సర్వే ఆఫీసులో ముప్పయ్యేడేళ్ళు పనిచేసినవాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా ఎవరెవరు వచ్చారో ముందు రాసుకుంటే గాని నాకు తర్వాతి వాక్యం రాదు. పోయిన వారం ఆ పేజీని మళ్ళీ వెతికి తీశాను. లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు కొన్ని ఏరి, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని గుమ్మం దగ్గర బండి మీద పెట్టారు. అందులో ఒక నవల అట్ట మీద పెళ్ళికొడుకు పసుపు కాగితపు చొక్కా తొడుక్కుని ఉన్నాడు. అచ్చు వేసినప్పుడు అతని చొక్కా గుండీలు బొడ్డు దాకా విప్పి ఉన్నాయి. భక్తి నవల మీద ఆ బొమ్మ ఎలా వచ్చిందో తెలియదు. అంటుకునే కాగితాన్ని కత్తిరించి, మెడ దగ్గర గుండ్రంగా తీసి, పెన్సిల్‌తో మూడు గుండీలు గీసి అతనికి తొడిగింది పాస్టరమ్మ గారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. చొక్కా మాత్రం ఊడలేదు.

ఆ నవలల సంగతి కొంత చెప్పాలి. పూర్వం అమెరికా పడమటి వైపు భూములున్న మగవాళ్ళకు చుట్టుపక్కల ఆడవాళ్ళు కనిపించేవారు కాదట. భార్య కావాలని పేపర్లో ప్రకటన వేసేవారు. తూర్పు వైపు నుంచి ఒక పిల్ల ఉత్తరం రాసేది, రెండు ఉత్తరాల తర్వాత రైలెక్కేది, స్టేషన్లో దిగిన గంటకల్లా పెళ్ళి. తర్వాత రెండు వందల పేజీలు వాళ్ళకు ప్రేమ కలగడం. మధ్యమధ్య ప్రార్థనలు, ఒక మంచు తుఫాను, చివర ఒక ముద్దు. డోనాకు ఇవంటే ప్రాణం. అందుకని మంగళవారం పుస్తకాల క్లబ్బులో వారానికొకటి ఇవే చదివేవాళ్ళం. నేను చేరింది పుస్తకాల కోసం కాదు. అమెరికాలో ఎడారి ఊరైన ఈ చాండ్లర్ ఎండలో ఉదయం పది తర్వాత నడవడానికి చల్లగా ఉండే చోటు అదొక్కటే.

మా వీధిలోనే కూతురింట్లో ఉండే పాస్టరమ్మ గారు చేరింది మాత్రం చదవడానికే. తెనాలి దగ్గర ఒక చిన్న సంఘంలో ఆవిడ భర్త నలభై ఏళ్ళు పాస్టరుగా చేశారు. వాక్యం ఆయన చెబితే, పెళ్ళిళ్ళ రిజిస్టరు ఈవిడ రాసేవారు. పెళ్ళి నిశ్చయమైతే మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయినిచ్చి పెళ్ళి చేయబోతున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. చెప్పినవాళ్ళ మాట వినేది, ఆ మాటలో నిజమెంతో ఊళ్ళోకి వెళ్ళి తేల్చేది ఈవిడే. అలాంటి మనిషి చేతికి ఈ నవలలిస్తే ఏమవుతుందో నేను రెండేళ్ళు చూశాను.

ఆవిడ ముందు చివరి పేజీ చదివేవారు. పెళ్ళి నిలబడిందని తేల్చుకుని, అప్పుడు మొదటికొచ్చి, ఎలా నిలబడిందో తీరిగ్గా విచారించేవారు. వాన పడని ఊళ్ళో గొడుగు పట్టుకొచ్చి, దాని పిడితో పుస్తకం అట్ట మీద రెండుసార్లు తట్టి, "ఎవరు విచారించారు?" అనేవారు. చర్చ అక్కడ మొదలయ్యేది. బాగా చిరాకు పుట్టించిన పుస్తకానికి మాత్రం అభిప్రాయం చీటీ మీద తెలుగులో రాసి, నంబరు వేసి, నాకిచ్చి ఇంగ్లీషులో చదవమనేవారు. ఆవిడకు ఇంగ్లీషు బాగానే వచ్చు. "తిట్టడానికి సొంత భాష ఉండాలి అన్నయ్యగారూ" అనేవారు. నేను ఎక్కడైనా మెత్తగా తిప్పితే గొడుగు కొన నా చెప్పును తాకేది.

ఆ చీటీల్లో కొన్నిటిని డైరీలో ఎక్కించుకున్నాను. మూడో నంబరు: "ఈ పిల్ల పెళ్ళికొడుక్కి ఉత్తరం రాసే ముందు ఆ ఊరి పాస్టరుగారికి ఒక కార్డు రాసి ఉంటే, అతనికి ముగ్గురు పిల్లలున్నారన్న సంగతి స్టేషన్లో తెలిసేది కాదు. మనకు నూట ఎనభై పేజీలు కలిసొచ్చేవి." ఆరో నంబరు: "పిల్ల మొదటి రోజు చిక్కుళ్ళు మాడ్చింది. అతను మాట్లాడకుండా తిన్నాడు. ప్రేమ అక్కడే అయిపోయింది. తర్వాతి తుఫాను దండగ." తొమ్మిదో నంబరు: "వరుడు కట్టెలు కొట్టడం పదకొండుసార్లు. ఆ ఇంట్లో పొయ్యి ఒకటే. మిగతా కట్టెలు ఏమైనట్టు?"

పదకొండో నంబరు చీటీ అన్నిటికన్నా కఠినంగా ఉంది. ఆ నవలలో ఒకతనికి తాత భూమి దక్కాలంటే గడువులోగా పెళ్ళి కావాలి. అందుకని ప్రకటన వేస్తాడు. డోనా ఆ పుస్తకానికి ఐదు నక్షత్రాలిచ్చి కళ్ళు తుడుచుకుంది. పాస్టరమ్మ గారు రాసింది ఇది: "ఇతనికి కావలసింది భూమి. భార్య దస్తావేజు మీద ముద్ర. దీన్ని పెళ్ళి అన్న పాస్టరును ముందు సంఘం నుంచి తీసేయాలి." నేను గట్టిగా చదివాను. వాల్టర్ నిద్ర లేచి, తీసేసింది ఎవర్నని అడిగాడు.

ఆ చీటీ రాసిన వారానికే మమ్మల్ని లైబ్రరీ నుంచి ఇంటికి తీసుకెళ్ళడానికి ఆవిడ మనవరాలు షారన్ వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కసరత్తు నేర్పే ఉద్యోగం. ముందు సీట్లో నేను, వెనక ఆవిడ. సిగ్నల్ దగ్గర కారాపి, అద్దంలోంచి అమ్మమ్మను చూస్తూ చెప్పింది.

"అమ్మమ్మా, నేను, ప్రవీణ్ కోర్ట్ మ్యారేజ్ చేసుకుంటున్నాం. నైన్టీన్త్‌న. నువ్వు విట్నెస్‌గా సైన్ చెయ్యాలి."

"ప్రవీణ్ ఎవరు?"

"మమ్మీకి తెలుసు. టూ ఇయర్స్ నుంచి ఫ్రెండ్. ఖమ్మం సైడ్. మన వాళ్ళే, చర్చ్‌కి వెళ్తాడు."

"మీ అమ్మకు తెలిసి రెండేళ్ళు. నాకు తెలిసి రెండు నిమిషాలు. సరే. ప్రకటనలు ఎక్కడ చదువుతారు?"

"కోర్ట్‌లో అవేం ఉండవు అమ్మమ్మా. లైసెన్స్ తీసుకుంటాం, జడ్జ్ చేస్తారు. టెన్ మినిట్స్."

"పది నిమిషాల్లో నేను పప్పు కూడా దించను. అంత తొందరేమిటి?"

షారన్ అప్పుడు అసలు సంగతి చెప్పింది. ప్రవీణ్‌కు లేఆఫ్ అయిందట. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. అందులో ముప్పై మూడు రోజులు అయిపోయాయి. ఈ పిల్లను చేసుకుంటే ఉండిపోవడానికి కాగితాలు పెట్టుకోవచ్చు. అతని తల్లిదండ్రుల వీసా తేలాక డిసెంబరులో గుడిలో అందరి ముందు పెళ్ళి.

వెనక సీట్లోంచి ఒకే మాట వచ్చింది. "పదకొండో నంబరు."

షారన్‌కు అర్థం కాలేదు. నాకైంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"మూడు వారాలుంది. ఈ ఆదివారం మన గుడిలో చదివిద్దాం" అన్నారు ఆవిడ.

"ప్లీజ్ అమ్మమ్మా. చర్చ్‌లో చదివితే సాయంత్రానికల్లా ప్రతి ఆంటీకి తన జాబ్ పోయిందని తెలిసిపోతుంది. పేపర్స్ కోసం చేసుకున్నాడంటారు. తను ఆల్రెడీ సరిగ్గా తినట్లేదు."

"ప్రకటన లేని పెళ్ళికి నేను సంతకం పెట్టను. నలభై ఏళ్ళలో ఒక్కటి పెట్టలేదు."

షారన్ కారు ముందుకు పోనిచ్చింది. కారు దిగేటప్పుడు చూస్తే ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సాక్షి సంతకం ఎవరైనా పెడతారు. ఆ పిల్లకు కావలసింది సంతకం కాదు. తల్లీ తండ్రీ ఉద్యోగాలకు పోతే చిన్నప్పటి నుంచి పెంచింది అమ్మమ్మే. ఆవిడ రాని పెళ్ళి ఆ పిల్ల చేసుకోదు. చేసుకోకపోతే అబ్బాయి విమానం ఎక్కాలి.

రెండు రోజులు ఆలోచించి పాస్టరమ్మ గారు నాకు ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, సంఘం అంటే ఏమిటి? వారానికొకసారి ఒకే చోట, ఒకే గంటకు కూడుకునేవాళ్ళు. అవునా?" అవునన్నాను. "అయితే మన మంగళవారం కూడా సంఘమే. వాళ్ళలో ఒక్కరికీ తెలుగువాళ్ళతో మాటల్లేవు. పిల్ల రహస్యం బయటికి పోదు, నా నియమం చెడదు." క్లబ్బు మొదలయ్యే ముందు ఎవరైనా ప్రకటనలు చెప్పుకోవడానికి మేగన్ ఐదు నిమిషాలిచ్చేది. తప్పిపోయిన పిల్లులు, వాడిన సోఫాలు ఆ ఐదు నిమిషాల్లోనే వచ్చేవి.

మొదటి మంగళవారం నేను లేచి ఇంగ్లీషులో చదివాను. "ఖమ్మం సంఘానికి చెందిన ప్రవీణ్‌కూ, చాండ్లర్ సంఘానికి చెందిన షారన్‌కూ వివాహం నిశ్చయమైనది. తగిన అభ్యంతరం ఎవరికైనా తెలిసి ఉంటే ఇప్పుడు చెప్పవలెను. ఇది మొదటిసారి."

డోనా పెన్ను తీసింది. "ఇది కొత్తదా? సిరీస్‌లో ఎన్నో పుస్తకం?"

మేగన్ అప్పటికే కంప్యూటర్లో వెతుకుతోంది. "మన దగ్గర లేదే. వేరే బ్రాంచి నుంచి తెప్పించనా?"

"ఖమ్మం అంటే మోంటానాలోనా?" అన్నాడు వాల్టర్, మా నవలల పెళ్ళికొడుకులు ఎక్కువమంది అక్కడివాళ్ళే కాబట్టి.

నేను విప్పి చెప్పబోయాను. గొడుగు కొన నా చెప్పు మీద పడింది. బయటికొచ్చాక అడిగాను, వాళ్ళు పుస్తకం అనుకుంటున్నారు, అలా వదిలేస్తే అబద్ధం కాదా అని.

"నేను పుస్తకమని అన్నానా? వాళ్ళనుకున్నారు. అనుకోనివ్వండి. మనుషుల గురించి అడిగితే అందరూ మర్యాద చెబుతారు. పుస్తకం గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. నలభై ఏళ్ళు ఈ ఉపాయం తట్టలేదు నాకు."

రెండో మంగళవారం డోనా కథ చెప్పమని పట్టుబట్టింది. పాస్టరమ్మ గారు చెబితే నేను ఇంగ్లీషు చేశాను. అబ్బాయికి పని పోయింది, గడువు ఉంది, పిల్ల ఇక్కడ పుట్టింది. "ఓ, భూమి గడువు కథ" అంది డోనా, కుర్చీ ముందుకు జరుపుకుని. "ఇందులో అసలు ప్రశ్న ఒకటే. సంగతంతా అతను ఆ పిల్లకు ముందే చెప్పాడా, దాచాడా? చెబితే ఐదు. దాస్తే ఒకటి." పాస్టరమ్మ గారు ఆ మాటను చీటీ మీద రాసుకున్నారు. ఇంకొకరి అభిప్రాయం ఆవిడ రాసుకోవడం నేను చూడడం అదే మొదలు.

శనివారం అబ్బాయిని ఇంటికి పిలిపించారు. ఇద్దరు పెద్దలుండాలని నన్నూ రమ్మన్నారు. ప్రవీణ్ సన్నగా ఉన్నాడు, పెద్ద కళ్ళద్దాలు. ఒక డబ్బా ఖర్జూరాలు తెచ్చాడు. సోఫా అంచు మీద, ఇంటర్వ్యూకొచ్చినట్టు, ప్లాస్టిక్ ఫోల్డరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ "కాగితాలేమున్నాయి నాయనా?" అనగానే డిగ్రీ, ఆఫర్ లెటరు, మూడేళ్ళ ట్యాక్సు రిటర్నులు వరసగా తీసి బల్ల మీద పరిచాడు.

"ఇవి కాదు. మీ పాస్టరుగారి ఉత్తరం."

"అది గూడ తెప్పించిన అమ్మమ్మా. స్కాన్ పంపిన్రు." నిజంగానే ఫోల్డరు అడుగున ఉంది. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, ముద్ర మసగ్గా ఉందన్నారు.

"ఈ సంగతి పిల్లకు ఎప్పుడు చెప్పావు?"

"జాబ్ పోయిన దినమే చెప్పిన. పెండ్లి నేను అడగలే అమ్మమ్మా, తనే అడిగింది. నేను రెండు సార్లు వద్దన్న. పేపర్ల కోసం చేసుకున్నడంటరు, నీకు మాట వస్తది, నేను పోత అన్న."

"అవును మామయ్యగారూ, రెండుసార్లు అన్నాడు" అంది షారన్ తల్లి వంటింటి గుమ్మంలోంచి, నా వైపు చూసి.

పాస్టరమ్మ గారు ఖర్జూరాల డబ్బా మూత పెట్టి నా వైపు తోశారు. అతను వెళ్ళాక అన్నారు: "నవలల్లోనూ ముందు అందరూ వద్దనే అంటారు. యాభయ్యో పేజీ దాకా."

ఇక మార్చి 18. నేను మూడోసారి చదివాను. అబ్బాయిని పాస్టరు ఉత్తరం అడిగి ముద్ర కూడా చూశారనీ, అతను మొదటి రోజే చెప్పాడనీ, రెండుసార్లు వద్దన్నాడనీ, అయినా పిల్ల అమ్మమ్మకు ఇంకా నమ్మకం కుదరలేదనీ ఆవిడ చెప్పమంటే చెప్పాను. డోనా ఐదు నక్షత్రాలని వెంటనే ప్రకటించింది. "అభ్యంతరం ఎవరికైనా ఉంటే" అని నేను చివరి వాక్యం చదువుతుండగా వాల్టర్ చెయ్యెత్తాడు. రెండేళ్ళలో అతను చెయ్యెత్తింది ఏసీ తగ్గించమనడానికే.

"నాకు అభ్యంతరం ఉంది" అన్నాడు.

పాస్టరమ్మ గారు నిటారుగా కూర్చున్నారు. "చెప్పమనండి."

"మూడు వారాలుగా వింటున్నాను. అందరూ ఆ కుర్రాణ్ణే పరీక్ష చేస్తున్నారు. ఉత్తరం తెమ్మంటారు, ముద్ర చూస్తారు. మంచిదే. కాని అతని వైపు ఎవరున్నారు? పిల్లకు తల్లి ఉంది, అమ్మమ్మ ఉంది. అతను ఒక్కడు. పని పోయింది, అమ్మానాన్న సముద్రం అవతల. అతనికేమైనా కావాలా అని ఈ కథలో ఒక్కరూ అడగలేదు. నేనతనైతే తిరుగు రైలెక్కేవాణ్ణి."

"నిజమే" అంది మేగన్ నెమ్మదిగా.

"ఇంకోటి. ఆ అమ్మమ్మ పాత్ర నాకు నచ్చలేదు. తెలివి ఉంది, కాని మరీ రాయి. రెండు నక్షత్రాలు."

"రెండు ఎక్కువ కూడా" అంది డోనా. "ఎవరికైనా వంద పేజీల్లో మారాలి. ఆవిడ మారలేదు."

నేను ఏమని తెలుగు చేయాలో తెలియక గొంతు సవరించుకున్నాను. అవసరం లేకపోయింది. పాస్టరమ్మ గారు పెన్సిల్ తడి చేసుకుని చీటీ మీద "అమ్మమ్మ, 2" అని వేశారు. కాస్త ఆలోచించి దాని కింద గీత గీశారు. తర్వాత వాల్టర్ వైపు తిరిగి తల వంచి నమస్కారం పెట్టారు. అతను ఏమీ అర్థం కాక తనూ పెట్టాడు.  ఇంటి దగ్గర కారు దిగేటప్పుడు, "మీకు ఎన్ననిపించింది అన్నయ్యగారూ?" అన్నారు. మూడు అన్నాను. "మొహమాటం" అని తలుపు వేసేశారు. రేపు వస్తున్నారా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిదికి కోర్టు. బయట వరండాలో ఎదురెదురుగా రెండు బెంచీల వరసలున్నాయి. ఒకవైపు షారన్, వాళ్ళ అమ్మా నాన్నా, రెండో సాక్షిగా నేను. ఎదురు వరసలో ప్రవీణ్ ఒక్కడే, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో ఫోల్డరు. షారన్ అతని దగ్గరికి వెళ్ళబోతే వాళ్ళమ్మ వద్దంది, కాసేపట్లో ఎలాగూ కలిసే నిలబడతారు కదా అని. ఇద్దరూ తలుపు వైపే చూస్తున్నారు.

తొమ్మిదికి ఏడు నిమిషాలుండగా పాస్టరమ్మ గారు వచ్చారు. తెల్ల పట్టుచీర. గుమ్మంలో నిలబడి రెండు వరసలూ చూశారు. షారన్ జరిగి చోటిచ్చింది. ఆవిడ నేరుగా ఎదురు వరసకు నడిచి, ప్రవీణ్ పక్కన కూర్చున్నారు.

"అమ్మా, మనం ఇటు" అంది కూతురు.

"మీరు అటే ఉండండి. నేను అబ్బాయి తరఫు."

 గుమస్తా అమ్మాయి ఫారం పట్టుకొచ్చి, సాక్షి మీరేనా, వధువుకు మీరేమవుతారని అడిగింది. "గ్రూమ్స్ సైడ్" అన్నారు ఆవిడ. తర్వాత ప్రవీణ్ ఒళ్ళోంచి ఫోల్డరు తీసి తన ఒళ్ళో పెట్టుకుని, మా వైపు ఒకసారి పైనుంచి కిందికి చూశారు.

"పిల్లకు వంట వచ్చా?"

"అమ్మమ్మా, సీరియస్‌లీ?" అంది షారన్. నవ్వుతోందో ఏడుస్తోందో దాని గొంతులో తేలలేదు.

"మమ్మల్ని కూర్చోబెట్టి ఇంతసేపైంది. ఈ ఆడపెళ్ళివారు కాఫీ అయినా ఇస్తారో ఇవ్వరో కనుక్కో నాయనా."

"ఆడ మషీన్ ఉంది అమ్మమ్మా, నేను తెస్త" అని లేవబోయాడు ప్రవీణ్.

"కూర్చో. పెళ్ళికొడుకు లేవకూడదు."

ఆడపెళ్ళివారిలో పెద్దవాణ్ణి నేనే కాబట్టి నేను లేచాను. యంత్రం వరండా చివర ఉంది. చక్కెర ఎంతో అడుగుదామని వెనక్కి తిరిగి చూశాను. ప్రవీణ్ తల వంచుకుని ఉన్నాడు. ఆవిడ అతని కళ్ళద్దాలు తీసుకుని కొంగుతో తుడుస్తున్నారు, తొందరేమీ లేనట్టు, ఒక్కో అద్దం. నేను అడగకుండా యంత్రం వైపు తిరిగి, ముందు మగపెళ్ళివారి కప్పులు నింపాను.